హైదరాబాద్ నుంచి నార్వే ఉత్తర తీరానికి ఓడ ప్రయాణం: మొదటి ఆలోచన నుంచి తిరుగు విమానం దాకా

నార్వే పటం తీసి పడమటి అంచు చూడండి. పాత చీర కొంగులా పోగులు పోగులుగా ఉంటుంది. ఆ పోగుల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రమే ఫియోర్డ్. ద్వీపాలు, ఫియోర్డుల ఒడ్లు అన్నీ కలిపి కొలిస్తే ఆ తీరం లక్ష కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణాన బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా ఆ తీరం వెంట మేం రెండుసార్లు ఓడలో వెళ్లొచ్చాం. మొదటిసారి మే నెలలో నేను, మా వారు, మా అమ్మ. రెండోసారి దసరా సెలవుల్లో మేమిద్దరమే. మొదటి ప్రయాణం నాటికి అమ్మకి 71 ఏళ్ళు. ఆ తీరం కొసన ఉన్న నార్త్ కేప్ కొండ కూడా 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉంది. ఈ సంగతి విన్నప్పటినుంచీ ఆవిడ వెళ్లితీరాలని పట్టుబట్టింది.

ఖరీదైన ప్రయాణం ఇది. అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. రెండు ప్రయాణాల తర్వాత నా లెక్క ఇది: మొదట అడ్డంలేని కిటికీకి, తర్వాత ఎక్కువ రోజులకి, ఆ తర్వాత వెచ్చని బట్టలకి. వీటికి పోగా మిగిలితేనే మిగతా హంగులు.

1. ముందు ఋతువు, తర్వాతే ఓడ

చాలామంది ఓడ బొమ్మలు చూసి మొదలుపెడతారు. మీరు ఆకాశంతో మొదలుపెట్టండి. అర్ధరాత్రి సూర్యుడినీ, అరోరా అనే ధ్రువకాంతులనీ ఒకే ప్రయాణంలో చూడలేం. ఒకదానికి రాత్రి ఉండకూడదు, రెండోదానికి రాత్రి ఉండి తీరాలి.

నార్త్ కేప్ దగ్గర మే 14 నుంచి జూలై 29 దాకా సూర్యుడు అస్తమించడు. కొంచెం దక్షిణంగా ఉన్న ట్రోమ్సోలో ఇది మే 20 ప్రాంతంలో మొదలవుతుంది. మన పిల్లల బడి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి, హైదరాబాద్ కుటుంబాలకి మే రెండో సగం చక్కగా కుదురుతుంది. కొండల మీద మంచు ఇంకా ఉంటుంది, కింద పచ్చదనం వచ్చేసి ఉంటుంది, జూలైలో ఉండే రద్దీ ఉండదు. పైగా మే 17 నార్వే రాజ్యాంగ దినం. 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజది. ఊరు ఊరంతా బూనాద్ అనే సంప్రదాయ దుస్తులు వేసుకుని వీధుల్లోకి వస్తుంది. మేం ఆ రోజు బెర్గెన్‌లో ఉండి, మర్నాడు రాత్రి ఓడ ఎక్కాం. మా అమ్మ ఆ ఎంబ్రాయిడరీ పని చూస్తూ ఎంతసేపు నిలబడిందో! ఒక్క జాగ్రత్త: ఆ రోజు దుకాణాలు మూసేస్తారు. కావలసినవి ముందురోజే కొనిపెట్టుకోండి.

అరోరా కోసమైతే సెప్టెంబర్ చివర నుంచి మార్చి దాకా. డిసెంబర్, జనవరి అని అందరూ అంటారు గానీ నా ఓటు దసరా సెలవులకి. ఏడాదిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి కొంచెం ఎక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞులు గమనించారు. చలి కూడా అప్పటికి ముదరదు, పగటి వెలుతురులో కొండలు కనిపిస్తాయి. నవంబర్ చివర నుంచి జనవరి మధ్య దాకా ట్రోమ్సోలో సూర్యుడు పైకే రాడు. మధ్యాహ్నం కాసేపు నీలంగా, ఉదారంగుగా వెలుగు పరుచుకుంటుంది. అది అపురూపమే. కానీ మొదటి ప్రయాణానికి, అదీ పెద్దవాళ్ళతో అయితే, నేను ఆ నెలలు సూచించను.

2. ఏ రకం ఓడ

ఈ తీరానికి దారి చూపింది ఒక తపాలా ఓడ. ఒకప్పుడు ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి ఉత్తరం చేరడానికి వేసవిలో మూడు వారాలు, శీతాకాలంలో ఐదు నెలల దాకా పట్టేది. చీకట్లో, రాళ్ళ మధ్య ఓడ నడపడానికి ఎవరూ సాహసించలేదు. 1893 జూలై 2న కెప్టెన్ రిచర్డ్ విత్ వెస్టరోలెన్ అనే ఆవిరి ఓడతో రాత్రీ పగలూ ఆగకుండా వెళ్లే సర్వీసు మొదలుపెట్టాడు. అదే హర్టిగ్రూటెన్. పేరుకి అర్థం వేగమార్గం. ఇప్పుడు ఆ దారిలో హర్టిగ్రూటెన్‌తోపాటు 2021 చివర నుంచి హవీలా అనే సంస్థ ఓడలూ నడుస్తున్నాయి. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ వెళ్లి తిరిగి రావడానికి 12 రోజులు. దారిలో 34 రేవులు.

ఈ తీరపు ఓడల్లో క్యాసినో ఉండదు, డాన్సు షోలు ఉండవు. పక్క ఊరికి వెళ్లే బడి పంతులు, సరుకు పెట్టెలు, ఒక్కోసారి కార్లు, అన్నీ మీతోపాటు ఎక్కుతాయి. సూట్ గదులు తీసుకుంటే సౌకర్యానికి లోటుండదు. హవీలా ఓడలు బ్యాటరీల మీద నాలుగు గంటల దాకా చప్పుడు లేకుండా వెళ్లగలవు. ఫియోర్డ్‌లో ఇంజన్ ఆగినప్పుడు జలపాతం హోరు చెవిన పడుతుంది.

రెండో రకం పూర్తి విలాస ఓడలు. సిల్వర్‌సీలో ప్రతి సూట్‌కీ ఒక బట్లర్ ఉంటాడు. వైకింగ్ సముద్ర ఓడల్లో ప్రతి గదికీ బాల్కనీ ఉంటుంది, 18 ఏళ్ళలోపు వాళ్ళని ఎక్కించుకోరు. పిల్లలతో వెళ్లాలనుకునేవాళ్ళు ఈ రెండో సంగతి బుకింగ్ ముందే గుర్తుపెట్టుకోవాలి. ఈ రకం ఓడలు తక్కువ రేవుల్లో ఎక్కువసేపు ఆగుతాయి. తీరపు ఓడ దానికి తలకిందులు: కొన్ని రేవుల్లో పదిహేను నిమిషాలే.

మూడో రకం వేలమంది పట్టే పెద్ద ఓడలు. ఈ తీరానికి మాత్రం వాటిని వద్దంటాను. లోఫోటెన్ ద్వీపాల దగ్గర ట్రోల్‌ఫియోర్డ్ అని ఉంది. పొడవు 2 కిలోమీటర్లు, మొగదలలో వెడల్పు 100 మీటర్లు. వేసవిలో, వాతావరణం అనుమతిస్తే, తీరపు ఓడ అందులోకి దూరి లోపల ఒక చుట్టు తిరిగి వస్తుంది. రెండు పక్కలా రాతిగోడలు చెయ్యి చాపితే అందేట్టుంటాయి. పెద్ద ఓడ ఎక్కినవాళ్ళకి ఆ అనుభవం దొరకదు.

ఇంకో సంగతి. గెయిరాంగర్‌ఫియోర్డ్, నేరోయ్‌ఫియోర్డ్ 2005 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. అక్కడికి వచ్చే ప్రయాణికుల ఓడలు కాలుష్యం లేకుండా నడవాలని నార్వే నియమం పెట్టింది. గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి మొత్తం పరిమాణానికి కొలత) 10,000 లోపు ఓడలకి 2026 జనవరి 1 నుంచి, అంతకన్నా పెద్దవాటికి 2032 నుంచి. కాబట్టి పాత బ్రోచర్లు నమ్మకండి. మీ తేదీన మీ ఓడ గెయిరాంగర్ లోపలికి వెళ్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

మన గోదావరి మీద పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినవాళ్ళకి ఫియోర్డ్ సగం అర్థమైనట్టే. అక్కడ నది కొండల్ని కోసుకుంటూ వచ్చింది. ఇక్కడ హిమానీనదాలు లోయని అరగదీసి వదిలేస్తే సముద్రం వచ్చి నింపింది. అందుకే లోతు భయంకరం. సోగ్నెఫియోర్డ్ 200 కిలోమీటర్లకు మించి పొడవు, కొన్నిచోట్ల 1,300 మీటర్లకు మించి లోతు. గెయిరాంగర్‌లో ఒకే కొండ మీంచి పక్కపక్కనే దూకే ఏడు ధారల జలపాతం ఉంది. అక్కడివాళ్ళు దాన్ని ఏడుగురు అక్కచెల్లెళ్ళు అంటారు. గ్రామదేవతలు ఏడుగురు అక్కచెల్లెళ్ళని వింటూ పెరిగిన మా అమ్మ ఆ పేరు వినగానే చేతులు జోడించింది.

3. గది ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడకండి. గంటసేపు డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం) ముందు కూర్చోండి.

మాకు మొదట బుక్ చేసి ఇచ్చిన గదికి కిటికీ ఉంది గానీ, దాని ముందు లైఫ్‌బోట్ వేలాడుతోంది. కాగితం మీద "సముద్రం వైపు గది" అనే రాసి ఉంది. డెక్ ప్లాన్‌లో ఆ గది నంబరు వెతికి చూశాక బయటపడింది. ఫోన్లమీద ఫోన్లు చేసి మార్పించుకున్నాం. "అడ్డంకి లేని దృశ్యం" అన్న మాట మీ కన్ఫర్మేషన్‌లో ఉండాలి. గది నంబరు తర్వాత ఇస్తాం, ధర తగ్గిస్తాం అంటే ఒప్పుకోకండి. పెద్దవాళ్ళతో అసలే వద్దు.

ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులకి దగ్గరగా ఉన్న గదుల్లో ఊపు తక్కువ. ముందు కొసన, పై అంతస్తుల్లో ఎక్కువ. సరుకు దింపే తలుపు దగ్గర, వంటశాల కింద, వెనక ఇంజన్ పైన ఉన్న గదులు తీసుకుంటే నిద్ర చెడుతుంది. తీరపు ఓడ అర్ధరాత్రి కూడా రేవుల్లో ఆగుతుంది. తీరానికి ఆనించేటప్పుడు పక్క ప్రొపెల్లర్ల మోత ముందుభాగం గదుల్లో బాగా వినిపిస్తుంది.

ఏ పక్క తీసుకోవాలని అందరూ అడుగుతారు. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ప్రధాన భూభాగం కుడిపక్కన, వచ్చేటప్పుడు ఎడమపక్కన. రానూపోనూ రెండూ వెళ్తే ఏ పక్కైనా ఒకటే. ఓడ చాలావరకు ద్వీపాలకీ తీరానికీ మధ్యనే వెళ్తుంది కాబట్టి రెండో పక్కకూడా ఖాళీ సముద్రం ఉండదు.

రానూపోనూ వెళ్ళమనే చెబుతాను. దీనికి గట్టి కారణం ఉంది. వెళ్లేటప్పుడు రాత్రి దాటిన చోట్లని వచ్చేటప్పుడు పగలు చూసేలా సమయాలు అమర్చారు. సగం ప్రయాణం కొన్నవాళ్ళు సగం తీరం నిద్రలో దాటేస్తారు.

4. డబ్బు, బుకింగ్

మంచి గదులు కొన్నే ఉంటాయి, ముందే అయిపోతాయి. ఏడాది ముందు చూసుకోవడం మేలు. అడ్వాన్సు కట్టేముందు రద్దు నిబంధనలు చదవండి. బయలుదేరే తేదీ దగ్గరపడేకొద్దీ తిరిగొచ్చే డబ్బు తగ్గిపోతుంది. ఒక్కరే వెళ్తే గదికి అదనపు రుసుము ఉంటుంది.

ధరలు పోల్చేటప్పుడు ఏమేం కలిసి ఉన్నాయో చూడండి. కొన్ని ఓడల్లో మూడుపూటలా భోజనం, పానీయాలు, రేవుల్లో తిప్పే టూర్లు అన్నీ టికెట్‌లోనే ఉంటాయి. కొన్నింట్లో టూర్లకి విడిగా కట్టాలి. నార్వేలో విడిగా కట్టేదేదైనా చేతికి తగులుతుంది.

ఇక్కడి ఏజెంటు ద్వారా విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌తో మారుతుంటుంది కాబట్టి డబ్బు కట్టేరోజు అడిగి తెలుసుకోండి. ఇది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమవుతుంది. ఐటీ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. అమ్మ పేరుమీద కడితే అమ్మ రిటర్న్‌లోనే అడగాలి. పెద్దవాళ్ళకి పాన్ ఉండి రిటర్న్ వేసే అలవాటు లేకపోతే ఎవరి పేరున కట్టాలో మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడండి.

5. వీసా

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, కానీ ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో ఉంది. కాబట్టి షెంజెన్ వీసా కావాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో విమానం మారినా, ఎక్కువ రోజులు ఉండేది నార్వేలో కాబట్టి దరఖాస్తు నార్వేకే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు దాకా పెట్టుకోవచ్చు. వేసవి ప్రయాణమైతే మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ చూసుకోండి. రుసుము పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకి 45. వీసా కేంద్రం సేవా రుసుము దీనికి అదనం.

పాస్‌పోర్టు పదేళ్ళలోపు జారీ అయినదై ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. 30,000 యూరోలకి తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. ఓడ కన్ఫర్మేషన్, విమానం, ఓడ ఎక్కేముందూ దిగాకా హోటల్ బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగమైతే సెలవు లెటర్, రిటైరైతే పెన్షన్ కాగితాలు పెట్టాలి. అమ్మ ఖర్చు మేం పెట్టుకుంటున్నాం కాబట్టి ఆ సంగతి చెప్పే లెటర్, బంధుత్వానికి రుజువు జత చేశాం. ఓడ కన్ఫర్మేషన్‌లో ప్రతి ప్రయాణికుడి పేరూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అవడం మామూలే. అక్షరం అక్షరం సరిచూడండి.

చాలామంది మర్చిపోయే చోటు ఒకటుంది. ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ ద్వీపాలు నార్వేవే గానీ షెంజెన్ బయట ఉన్నాయి. మీ ఓడ అక్కడికి వెళ్లి తిరిగి నార్వే వస్తే రెండోసారి ప్రవేశించినట్టు లెక్క. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో చిక్కుకుపోతారు. బ్రిటన్ రేవులో మొదలయ్యే ఓడలకీ, దారిలో బ్రిటన్‌కి చెందిన షెట్లాండ్ ద్వీపాల్లో ఆగే ఓడలకీ ఇదే ఇబ్బంది, పైగా బ్రిటన్ వీసా వేరు. మొదటిసారి వెళ్లేవాళ్ళు బెర్గెన్‌లో ఎక్కి బెర్గెన్‌లో దిగండి. ఒక్క వీసాతో పనైపోతుంది.

6. శంషాబాద్ నుంచి బెర్గెన్ దాకా

హైదరాబాద్ నుంచి నేరుగా నార్వేకి విమానం లేదు. దుబాయ్ లేదా దోహా మీదుగా ఓస్లో వెళ్లొచ్చు, లేదా యూరప్‌లోని ఏదో పెద్ద విమానాశ్రయంలో మారొచ్చు. ఓడ ఎక్కేరోజుకి కనీసం ఒక రోజు ముందు బెర్గెన్ చేరి తీరండి. ఓడ మీకోసం ఆగదు. సూట్‌కేసు ఎక్కడో ఆగిపోతే ఆ ఒక్క రోజే మిమ్మల్ని కాపాడుతుంది.

రెండు రోజులు మిగుల్చుకోగలిగితే ఓస్లోలో దిగి రైల్లో బెర్గెన్ వెళ్లండి. 1909లో మొదలైన ఈ మార్గంలో ప్రయాణం ఏడు గంటలకి కాస్త అటూ ఇటూ. ఫిన్సే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంటుంది. మే నెలలో మేం వెళ్లినప్పుడు కింద పూలు, పైన మోకాలిలోతు మంచు. రాత్రంతా విమానంలో కూర్చున్న అమ్మ ఆ రైల్లో కన్ను మూయలేదు.

బెర్గెన్‌లో ఏడాదిలో 200 రోజులకి పైగా వాన పడుతుంది. గొడుగు కన్నా టోపీ ఉన్న రెయిన్ జాకెట్ మేలు, గాలికి గొడుగు నిలవదు. బ్రిగ్గెన్ రేవులోని పాత చెక్క ఇళ్ళు తప్పక చూడండి. అవీ యునెస్కో జాబితాలో ఉన్నాయి.

7. బట్టలు

ఈ తీరంలో చలి కన్నా గాలి కష్టం. వెచ్చని సముద్ర ప్రవాహం ఉండబట్టి అంత ఉత్తరాన కూడా రేవులు శీతాకాలంలో గడ్డకట్టవు. ట్రోమ్సోలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకి కొద్ది డిగ్రీలు కింద ఉంటుందంతే. కానీ కదిలే ఓడ డెక్ మీద గాలి ఎముకల్లోకి దూరుతుంది.

మూడు పొరలు వేసుకోవాలి. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని బనియను, ప్యాంటు. మధ్యలో ఫ్లీస్ లేదా స్వెటర్. పైన గాలీ నీళ్ళూ చొరని జాకెట్, ప్యాంటు. లోపల నూలు బనియను వేసుకుంటే మాత్రం చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే చలి పుట్టిస్తుంది. మనకి నూలు అలవాటు కాబట్టి ఈ ఒక్క సంగతి పదేపదే చెప్పాల్సి వస్తుంది. స్వెటర్లు నవంబర్‌లో నగరంలో టిబెటన్లు పెట్టే అంగళ్ళలో చవగ్గా దొరుకుతాయి. లోపలి పొర, పైజాకెట్ డెకాథ్లాన్‌లో తీసుకున్నాం. గ్లోవ్స్ రెండు జతలు: పల్చనివి ఫోటోలకి, మందంవి వాటిపైన. మెడకీ చెవులకీ ఉన్ని గుడ్డ.

అమ్మ చీర మానలేదు. చీర కింద ఉన్ని ప్యాంటు, జాకెట్టు మీద ఉన్ని బనియను, పైన మోకాళ్ళ దాకా వచ్చే జాకెట్. డెక్ మీదికి వచ్చేటప్పుడు మాత్రం కుచ్చిళ్ళు పైకి దోపుకునేది. తడి మెట్ల మీద కాలికి అడ్డుపడతాయి కాబట్టి చీరకట్టే పెద్దవాళ్ళకి ఇది ముందే చెప్పండి. శీతాకాలంలో వెళ్తే బూటు అడుగున తొడుక్కునే ముళ్ళ పట్టీలు అక్కడే కొనుక్కోండి. రేవుల్లో నేల అద్దంలా జారుతుంది.

8. ఒంటికి, కడుపుకి

ఓడ ఎక్కువగా ద్వీపాల చాటున వెళ్తుంది, అక్కడ ఊపు ఉండదు. చాటు లేని చోట్లు ముఖ్యంగా నాలుగున్నాయి: స్టాడ్ అంతరీపం, హుస్టాద్‌వీకా, బోడో నుంచి లోఫోటెన్‌కి దాటే వెస్ట్‌ఫియోర్డ్, నార్త్ కేప్ దాటాక బారెంట్స్ సముద్రం. ఇవి ఎప్పుడొస్తాయో రిసెప్షన్‌లో అడిగి, కడుపు తిప్పే స్వభావం ఉన్నవాళ్ళు అరగంట, గంట ముందు మాత్ర వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. ఏ మాత్రో మీ డాక్టర్ని అడిగి ఇక్కడినుంచే తీసుకెళ్లండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు మరీ ముఖ్యంగా అడగాలి. మాకు అల్లం మురబ్బా కూడా బాగా పనికొచ్చింది. కడుపు ఖాళీగా ఉంచకండి, దూరంగా సముద్రం అంచు మీద చూపు నిలపండి.

రోజూ వేసుకునే మందులు రెట్టింపు రోజులకి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలో పెట్టండి. బీమాలో ఓడ మీంచి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందో లేదో చూడండి. ముందునుంచీ ఉన్న జబ్బులు దాచకుండా రాయండి.

ఇక తిండి. శాకాహారమని బుకింగ్‌లోనే రాయించాలి. గుడ్డు, చేప కూడా తినమని విడిగా చెప్పాలి, లేకపోతే చేపని కూరగాయల పక్కనే వడ్డిస్తారు. పొద్దున రొట్టెలు, పళ్ళు, పెరుగు, గోధుమరంగు తీపి చీజ్ బ్రునోస్ట్ ఉంటాయి. రాత్రికి పుట్టగొడుగులు, దుంపలు, పప్పుధాన్యాలతో ఏదో ఒకటి చేసిపెడతారు, రుచిగానే ఉంటుంది. నాలుగోరోజుకి నాలుక కారం అడుగుతుంది. మేం కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి, మాగాయ తీసుకెళ్లాం. ఉడికించిన బంగాళాదుంపలో కందిపొడి కలిపి అమ్మ పక్క టేబుల్ వాళ్ళకి కూడా పెట్టింది.

యూరప్ ఆర్థిక ప్రాంతం బయటినుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తేకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. గదిలో కరెంటు కుక్కర్, కెటిల్ వాడనివ్వరు. దీపం, అగరుబత్తి కూడా వెలిగించకూడదు. అమ్మ రోజూ సంధ్యవేళ దీపం పెడుతుంది. అక్కడ దీపం లేదు సరే, సంధ్యే రాదు. రెండు రోజులు తికమకపడి, చివరికి హైదరాబాద్ సమయం ప్రకారం ఆరున్నరకి కిటికీ ముందు కూర్చుని శ్లోకం చదువుకునేది. అక్కడ వేసవిలో మనకన్నా మూడున్నర గంటలు వెనక, శీతాకాలంలో నాలుగున్నర.

9. ఓడ మీద రోజులు

ప్రతి రేవులోనూ టూర్ కొనకండి. ఒక్కోటి రెండుమూడు గంటల బస్సు ప్రయాణం. పన్నెండు రోజుల్లో రెండు చాలు. నార్త్ కేప్ ఒకటి. హోనింగ్స్‌వోగ్ రేవు నుంచి బస్సులో వెళ్తారు. సముద్రం మీంచి నిటారుగా లేచిన 307 మీటర్ల కొండ. రెండోది మీ ఇష్టం. మిగతా చోట్ల దిగి నడవండి. ట్రోండ్‌హైమ్‌లో నిదరోస్ కతీడ్రల్, ఓలెసుండ్‌లో 1904 అగ్నిప్రమాదం తర్వాత ఒకే శైలిలో తిరిగి కట్టుకున్న ఊరు నడిచే దూరంలోనే ఉంటాయి. ట్రోమ్సోలో కేబుల్ కార్ ఎక్కండి. కాళ్ళలో సత్తువుంటే నేపాల్ షెర్పాలు పరిచిన 1,200 రాతిమెట్ల దారి కూడా ఉంది. వెనక్కి రావాల్సిన సమయం గ్యాంగ్‌వే (ఓడలోంచి రేవుకి దిగే దారి) దగ్గర రాసి ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకుని దిగండి.

ఆర్కిటిక్ వలయం దాటేరోజు పొద్దున్నే లేవాలి. వికింగెన్ అనే చిన్న ద్వీపం మీద గోళం ఆకారంలో గుర్తు ఉంటుంది, దాన్ని దాటేటప్పుడు ఓడ హారన్ కొడుతుంది. తర్వాత డెక్ మీద సముద్రదేవుడి వేషంలో వచ్చి ఐసుముక్కల నీళ్ళు మెడలో పోస్తారు. తిరుగుదారిలో కాడ్ లివర్ ఆయిల్ చెంచాతో పోస్తారు. శాకాహారులు వద్దంటే ఊరుకుంటారు.

లోఫోటెన్‌లో వసంతకాలమైతే చెక్క పందిళ్ళ నిండా కాడ్ చేపలు వేలాడుతుంటాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే చేపలవి. ఉప్పు వేయరు, చల్లగాలికే ఎండుతాయి. కాకినాడ, ఉప్పాడ వైపు పెరిగినవాళ్ళకి ఆ వాసన చిన్నప్పటి వీధిని గుర్తుచేస్తుంది. మా వారు అక్కణ్ణుంచి కదలనన్నారు.

ఇంకా తూర్పున, నార్వే ఈశాన్య కొస అయిన ఫిన్‌మార్క్‌లో ఇళ్ళన్నీ కొత్తవిగా కనిపిస్తాయి. 1944లో వెనుదిరిగిన జర్మన్ సైన్యం ఆ ప్రాంతాన్ని కాల్చేసి వెళ్లింది. ఆ తర్వాత కట్టుకున్న ఊళ్ళివి. కిర్కెనెస్‌లో వీధి పేర్లు రష్యన్‌లో కూడా ఉంటాయి. అది ఇస్తాంబుల్ కన్నా తూర్పున ఉందంటే నమ్మబుద్ధి కాదు.

అరోరా కోసం వెళ్తే గదిలో స్పీకర్ ఆపకండి, కనిపించగానే ప్రకటిస్తారు. జాకెట్, బూట్లు తలుపు పక్కనే పెట్టుకుని పడుకోండి. మొదట సన్నని తెల్లమబ్బులా ఉంటుంది. కంటికి బూడిదరంగు, ఫోన్‌కి ఆకుపచ్చ. బలంగా వచ్చినప్పుడు కంటికీ ఆకుపచ్చగా, అంచుల్లో గులాబీగా కదులుతుంది. వంద కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ వెలిగే రంగు ఆ ఆకుపచ్చ. ఓడ కదులుతుంది కాబట్టి ట్రైపాడ్‌తో ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే నక్షత్రాలు గీతలవుతాయి. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టే శక్తి) పెంచి, ఒకటి రెండు సెకన్లలో తీయండి. రెండు ఫోటోలు చాలు. తర్వాత ఫోన్ జేబులో పెట్టి తలెత్తి చూడండి.

ఫోన్ గురించి ఇంకొకటి: సముద్రం మీద ఓడ శాటిలైట్ నెట్‌వర్క్‌కి మీ సిమ్ తనంతట తాను తగులుకుంటే బిల్లు వేలల్లో వస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే వాడండి.

గాలి మరీ ఎక్కువైతే కెప్టెన్ కొన్ని రేవుల్లో ఆగకుండా వెళ్లిపోతాడు. ఆ టూర్ రద్దవుతుంది. దసరా ప్రయాణంలో మాకు రెండు రేవులు అలాగే తప్పిపోయాయి. ఆ తీరానికి అది మామూలు.

10. దిగేరోజు

పన్నెండోరోజు మధ్యాహ్నం ఓడ బెర్గెన్ చేరుతుంది. ఆ సాయంత్రానికే విమానం పెట్టుకోకండి, రాత్రి అక్కడే ఉండి మర్నాడు బయలుదేరండి. గది పొద్దున్నే ఖాళీ చేయమంటారు, కాబట్టి ముందురాత్రే సర్దుకోండి. మందులు, పాస్‌పోర్టు, ఒక స్వెటర్ చేతిసంచిలో ఉంచుకోండి. ఓడలో పెట్టిన ఖర్చుల బిల్లు ముందురోజే తెప్పించుకుని వరసకి వరస చూసుకోండి. ఎండు చేప కొనుక్కుంటే మాత్రం గాలి తీసేసిన ప్యాకెట్లలోవే కొని, పైన ఇంకో రెండు కవర్లు చుట్టండి. మా వారి సూట్‌కేసు ఇప్పటికీ లోఫోటెన్ వాసనే వస్తోంది.